మనసుకి పట్టే టైము

(చెన్నైలో తెలుగు శ్రోతల ముందు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసుకున్న పాఠం.)

అందరికీ నమస్కారం. ముందు వరుసల్లో పెద్దవాళ్ళున్నారు, వెనక ప్లస్ టూ చదివే పిల్లలున్నారు, మధ్యలో వాళ్ళ అమ్మానాన్నలున్నారు. ముగ్గురికీ పనికొచ్చేట్టు మాట్లాడాలని నా ఆశ.

మన ఊళ్ళో తుఫాను వచ్చినప్పుడల్లా టీవీలో వింటాం కదా, నుంగంబాక్కంలో ఇన్ని సెంటీమీటర్ల వాన, మీనంబాక్కంలో ఇన్ని సెంటీమీటర్ల వాన అని. ఆ నుంగంబాక్కం వాతావరణ కేంద్రం ఆవరణలో 1792 నాటి ఒక పెద్ద గ్రానైట్ స్తంభం ఉంది. దాని మీద తమిళంతో పాటు తెలుగులో కూడా అక్షరాలు చెక్కారు. ఈస్టిండియా కంపెనీ అక్కడ కట్టిన మద్రాసు అబ్జర్వేటరీలో నక్షత్రాలు చూసే దుర్భిణిని ఆ స్తంభమే మోసేది. సైకాలజీ చరిత్ర చెప్తానని వచ్చి ఈవిడ నక్షత్రాల గురించి మాట్లాడుతోందేమిటి అనుకోకండి. సైకాలజీ అనగానే మనకి ఫ్రాయిడ్, కలలు, సోఫా మీద పడుకున్న పేషెంటు గుర్తొస్తారు. కానీ అది ప్రయోగాలు చేసే శాస్త్రంగా మారడానికి దారి తీసింది ఇలాంటి అబ్జర్వేటరీల్లో వచ్చిన ఒక తగువు. ఆ తగువు గురించి చెప్పకుండా మిగతాదంతా చెప్తే నాకు తృప్తిగా ఉండదు.

అప్పట్లో టైము ఎలా పట్టేవాళ్ళో వినండి. దుర్భిణి అద్దంలో సన్నని నిలువు తీగలుంటాయి. భూమి తిరుగుతుంటుంది కాబట్టి నక్షత్రం మెల్లగా ఒక్కో తీగనీ దాటుకుంటూ పోతుంది. పక్కనే గడియారం టిక్కు టిక్కుమంటూ ఉంటుంది. చూసేవాడు చెవితో ఆ టిక్కులు లెక్కపెట్టుకుంటూ, కంటితో నక్షత్రాన్ని చూస్తూ, అది తీగ దాటిన క్షణం ఏ రెండు టిక్కుల మధ్య పడిందో సెకనులో పదో వంతు దాకా అంచనా కట్టి రాసుకోవాలి. చెవీ కన్నూ రెండూ ఒకేసారి పని చెయ్యాలి. మన నుంగంబాక్కంలో జరిగిందీ ఈ పనే. ఇక్కడి అబ్జర్వేటరీ లెక్కగట్టిన మద్రాసు టైమునే ఒకప్పుడు దేశంలో రైళ్ళు పాటించాయి. ఇక్కడే పనిచేసిన చింతామణి రఘునాథాచారి గారు 1867లో వెలుగు మారుతుండే ఒక నక్షత్రాన్ని కనిపెట్టారు. ఆయన పేరు మన పిల్లల పాఠాల్లో ఉండాల్సింది.

ఇప్పుడు ఇంగ్లండ్‌లోని గ్రీనిచ్ అబ్జర్వేటరీకి వెళ్దాం. 1795లో అక్కడి రాజఖగోళవేత్త నెవిల్ మాస్కెలిన్‌కి ఒక అనుమానం వచ్చింది. తన అసిస్టెంటు డేవిడ్ కినబ్రూక్ రాసే సమయాలు తను రాసేవాటికన్నా అర సెకను వెనకబడి ఉంటున్నాయి. జాగ్రత్తగా చూడమని హెచ్చరించాడు. పాపం ఆ కుర్రాడు ప్రయత్నించే ఉంటాడు, కానీ తేడా తగ్గకపోగా పెరిగి, 1796 జనవరికి సెకనులో ఎనిమిది పదో వంతులైంది. మనకి అదేం పెద్ద తేడా అనిపించవచ్చు. భూమి తిరిగే వేగానికి ఆ కాస్త టైములో భూమధ్యరేఖ దగ్గర నేల దాదాపు 370 మీటర్లు జరుగుతుంది. ఓడలు దారి వెతుక్కునే లెక్కలు అవి. కుర్రాడు కష్టపడేవాడే, మిగతా అన్ని విషయాల్లో మంచివాడే అని తెలిసి కూడా, పద్ధతి ప్రకారం చూడటం లేదని మాస్కెలిన్ అతన్ని పనిలోంచి తీసేశాడు. ఆ సంగతి ఓ రికార్డులో రాసిపెట్టాడు. అలా రాసిపెట్టడం వల్లే ఇవాళ మనం మాట్లాడుకుంటున్నాం.

ఇరవై ఏళ్ళు పైగా ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత కోనిగ్స్‌బర్గ్ అనే ఊళ్ళో, ఇప్పుడది రష్యాలో కలినిన్‌గ్రాడ్, ఫ్రెడ్రిక్ బెస్సెల్ అనే ఖగోళవేత్త ఈ కథ చదివాడు. అందరూ కినబ్రూక్ అజాగ్రత్త మనిషి అనుకుని వదిలేసినచోట బెస్సెల్ ఇంకో ప్రశ్న వేసుకున్నాడు. అంత శ్రద్ధగా పనిచేసేవాడు, హెచ్చరించాక కూడా, ప్రతిసారీ ఒకే వైపుకి తప్పుతున్నాడంటే అది అసలు తప్పేనా? తనే ఇంకో ఖగోళవేత్తతో కలిసి అవే నక్షత్రాలు చూసి పోల్చాడు. ఇద్దరూ ఆరితేరినవాళ్ళే. ఇద్దరి మధ్యా తేడా ఒక సెకనుకి పైగా వచ్చింది! కినబ్రూక్ తేడా కన్నా ఎక్కువ. ఎవరి పరిశీలన వాళ్ళదే, ఒకరితో ఒకరికి కుదరదు, అయినా ఏ ఒక్కరూ బద్ధకస్తులు కారు. బెస్సెల్ దీన్ని 1820లలో ప్రచురించాక ఖగోళవేత్తలు ఒకరి పరిశీలనల్ని ఇంకొకరి వాటితో సరిచూసేటప్పుడు మనిషిని బట్టి దిద్దుబాటు వేసుకోవడం మొదలుపెట్టారు.

పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అని మన పెద్దవాళ్ళు ఎప్పుడో అన్నారు. సైన్సుకి మాత్రం ఈ సంగతి ముందు ఒక పొరపాటులా కనిపించింది, తర్వాత దిద్దుకోవాల్సిన లెక్కలా కనిపించింది, చాలా ఆలస్యంగా గానీ తెలుసుకోదగిన విషయంలా కనిపించలేదు. నేను ఇవాళ చెప్పదలుచుకున్నది ఇదే. ఒక మనిషి ఇంకో మనిషిలా లేకపోతే దాన్ని అతని తప్పు కింద జమకట్టడం, ఆ తర్వాత ఎవరో ఒకరు ఓపిగ్గా చూసి అది తప్పు కాదని తేల్చడం, ఈ రెండూ సైకాలజీ చరిత్ర పొడుగునా కనిపిస్తాయి.

కోనిగ్స్‌బర్గ్ గురించి ఇంకొక్క మాట. అది కాంట్ అనే పెద్ద తత్త్వవేత్త ఊరు. మనసు గురించిన చదువు ఎప్పటికీ అసలైన సైన్సు కాజాలదని, ఎందుకంటే దానికి గణితాన్ని వర్తింపజేయలేమని, కాంట్ 1786లో రాశాడు. సరిగ్గా అదే 1786లో ఇక్కడ ఎగ్మోర్‌లో విలియం పెట్రీ అనే కంపెనీ ఉద్యోగి సొంతంగా పెట్టుకున్న అబ్జర్వేటరీయే తర్వాత నుంగంబాక్కం వచ్చింది. కాంట్ మాటని తప్పని చూపించే పని ఆయన సొంత ఊళ్ళోనే మొదలైంది చూడండి. ముందు బెస్సెల్. ఆ తర్వాత అదే ఊళ్ళో ప్రొఫెసరుగా ఉన్న హెల్మ్‌హోల్ట్జ్. నరం గుండా కబురు ఎంత వేగంగా పోతుందో కొలవడం మనిషి వల్ల కాదని హెల్మ్‌హోల్ట్జ్ గురువు జోహానెస్ మ్యూలర్ రాశాడు. 1850లో శిష్యుడు కప్ప కాలి నరం తీసుకుని, కండరానికి దగ్గరగా ఒకసారి, దూరంగా ఒకసారి కరెంటు తగిలించి, కండరం ముడుచుకోవడానికి పట్టిన టైముల్లో తేడా చూసి, వేగం కట్టేశాడు. సెకనుకి దాదాపు 30 మీటర్లు. మెరుపు వేగం ఉంటుందనుకున్నారు, తీరా చూస్తే మన ఎక్స్‌ప్రెస్ రైలు వేగం! అంటే కాలికి ముల్లు గుచ్చుకున్న సంగతి మనకి తెలిసేసరికి కొంత టైము గడిచిపోయింది. మనసుకీ టైము పడుతుంది. టైము పడుతుందంటే గడియారం పెట్టి కొలవొచ్చు. అక్కడ తలుపు తెరుచుకుంది.

ఎవరైనా ఇద్దరు పిల్లలు స్టేజి మీదికి రండి. స్కేలు తెచ్చాను. నువ్వు పైన పట్టుకో అమ్మా, నువ్వు కింద వేళ్ళు తెరిచి ఉంచు బాబూ, తగలకూడదు. చెప్పకుండా వదిలెయ్. ఆఁ, పట్టుకున్నాడు. ఎక్కడ పట్టుకున్నావు? 20 సెంటీమీటర్ల గీత దగ్గర. అంటే నీకు పట్టిన టైము సెకనులో ఐదో వంతు. ఇప్పుడు ఇంకో రకం. రెండు చేతులకీ రెండు స్కేళ్ళు, ఆ అమ్మాయి ఏదో ఒకటి వదులుతుంది, ఏది వదిలితే ఆ చేత్తో మాత్రమే పట్టుకోవాలి. చూశారా, ఇంకా కిందికి జారింది. కూర్చోండి నాన్నా, థాంక్స్.

ఇదే పని 1860లలో హాలండ్‌లోని ఉట్రెక్ట్‌లో డోండర్స్ అనే కంటి డాక్టరు చేశాడు. కాళ్ళకి చిన్న షాక్ ఇచ్చేవాళ్ళు. ఏ కాలికి తగిలితే ఆ వైపు చేతిని కదపాలి. ఏ కాలికో ముందే చెప్తే ఒక టైము, చెప్పకపోతే దానికన్నా సెకనులో పదిహేనో వంతు ఎక్కువ. నరం అదే, కండరం అదే, మరి ఆ ఎక్కువ ఎక్కడిది? కుడా ఎడమా అని తేల్చుకోవడానికి పట్టిన టైము అది. తీర్మానించుకోవడం అనే లోపలి పనిని బయట నుంచి కొలిచాడు. నా క్లాసులో ఏటా ఈ పాఠం చెప్తాను, ఏటా నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

విల్‌హెల్మ్ వుంట్ దగ్గరికి వచ్చాం. పాఠ్యపుస్తకాల్లో సైకాలజీ పితామహుడు అంటారు, 1879లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో మొదటి ప్రయోగశాల పెట్టాడు అంటారు, పిల్లలు ఆ ఒక్క మార్కు కోసం ఆ సంవత్సరం బట్టీ పడతారు. చిన్నప్పుడు బడిలో ఒక ఏడాది తప్పాడనీ, కూర్చుని పగటికలలు కనేవాడనీ ఎవరూ చెప్పరు. హెల్మ్‌హోల్ట్జ్ దగ్గర అసిస్టెంటుగా చేశాడు. 1860ల మొదట్లో ఇంట్లో గోడ గడియారం లోలకానికి గంట మోగే ఏర్పాటు చేసి, గంట విన్న క్షణంలో లోలకం ఎక్కడ ఉన్నట్టు కనిపిస్తుందో, నిజంగా ఎక్కడ ఉందో పోల్చుకున్నాడు. రెండూ కలవలేదు. చెవి నుంచి కంటికి ధ్యాస మళ్ళడానికి సెకనులో ఎనిమిదో వంతు పడుతోందని తేలింది. కినబ్రూక్ ఉద్యోగం పోగొట్టిన చిక్కు అదే కదా! ఆ చిక్కునే వుంట్ ఇంట్లో కూర్చుని విప్పాడు.

లైప్‌జిగ్‌కి ప్రపంచమంతా వచ్చి చదువుకుంది. అమెరికా, రష్యా, ఇంగ్లండ్, ఎక్కడెక్కడి వాళ్ళో. వుంట్ దగ్గర డాక్టరేట్ చేసినవాళ్ళు 180 మందికి పైనే. ఆ వరస మన దాకా ఎలా వచ్చిందంటే, వుంట్ శిష్యుడు మున్‌స్టర్‌బర్గ్ హార్వర్డ్ వెళ్ళాడు, అక్కడ ఆయన దగ్గర చదివిన నరేంద్రనాథ్ సేన్‌గుప్తా 1916లో కలకత్తాలో మన దేశపు మొదటి సైకాలజీ విభాగాన్ని నడిపాడు. వుంట్ ఇంకో శిష్యుడు స్పియర్‌మన్ లండన్‌లో ఉంటే, ఆయన దగ్గర చదువుకున్న ఎం.వి. గోపాలస్వామి మైసూరు విశ్వవిద్యాలయంలో 1924లో సైకాలజీ మొదలుపెట్టాడు. ఈ గోపాలస్వామే 1935లో మైసూరులో సొంతంగా రేడియో స్టేషను పెట్టి దానికి ఆకాశవాణి అని పేరు పెట్టిన మనిషి. మద్రాసు విశ్వవిద్యాలయానికి ఈ విభాగం 1940లలో వచ్చింది.

వుంట్ గురించి జనం మర్చిపోయిన సంగతి ఒకటి ఉంది. టైము కొలవడం, వెలుగులూ శబ్దాలూ పోల్చడం, వీటికే ప్రయోగశాల పనికొస్తుందని, భాష, ఆచారం, పురాణం లాంటివి మనిషి పదిమందితో కలిసి బతకడంలోంచి పుడతాయి కాబట్టి వాటిని గదిలో కూర్చోబెట్టి పట్టుకోలేమని ఆయన గట్టిగా నమ్మాడు. చివరి ఇరవై ఏళ్ళు ఆ రెండో పని మీదే పది సంపుటాలు రాశాడు. తర్వాతివాళ్ళు మొదటి సగం తీసుకుని రెండో సగం వదిలేశారు. అది పెద్ద నష్టమని నా అభిప్రాయం.

ప్లస్ టూ పిల్లలూ, ఇది మీకు. హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అని ఒకాయన, ప్రయోగశాల లేదు, శిష్యులు లేరు, ప్రయోగం చేసేదీ తనే, చేయించుకునేదీ తనే. అర్థం లేని అక్షరాల ముక్కలు రెండు వేలకి పైగా తయారుచేసుకుని, వాటిని వరసలుగా బట్టీ పట్టి, కొంతసేపయ్యాక మళ్ళీ అదే వరస నేర్చుకుంటే ఎంత శ్రమ ఆదా అయిందో లెక్క రాసుకున్నాడు. 1885లో పుస్తకం వేశాడు. ఇరవై నిమిషాలకి 58 శాతం శ్రమ ఆదా అవుతోంది, గంటకి 44, ఒక రోజుకి 34, నెలకి 21. మొదటి గంటలో దబ్బున పడిపోతుంది, ఆ తర్వాత మెల్లగా తగ్గుతుంది. నెల గడిచాక కూడా సున్నా కాలేదు, అది గమనించండి. గుర్తులేదు, అంతా పోయింది అని ఏడుస్తారే పరీక్షల ముందు, పూర్తిగా పోదు, మళ్ళీ చదివితే తొందరగా వస్తుంది. ఇంకోటి. ఒక వరసని ఒకే ఊపులో 68 సార్లు చదివితే వచ్చిన ఫలితం, మూడు రోజులకి పంచుకుని 38 సార్లు చదివితే వచ్చేసింది. మన వీధిబడుల్లో ఎక్కాలూ పద్యాలూ రోజూ కాస్త కాస్త వల్లె వేయించేవాళ్ళు కదా, ఆ పంతుళ్ళకి ఈ లెక్క తెలియదు గానీ పని తెలుసు. పరీక్షకి ముందు రాత్రి టెన్షన్‌తో తెల్లవార్లూ చదవడం కన్నా మూడు రోజుల ముందు మొదలుపెట్టడం మంచిదని 140 ఏళ్ళ క్రితమే తేలిపోయింది.

జ్ఞాపకం గురించి మాట్లాడుతూ మేరీ కాల్కిన్స్ పేరు చెప్పకుండా ఎలా ముందుకెళ్ళను? జంటలుగా పెట్టిన మాటల్ని గుర్తుంచుకునే పరీక్ష ఆవిడ కనిపెట్టిందే, ఇవాళ్టికీ వాడతాం. 1890లో హార్వర్డ్‌లో విలియం జేమ్స్ దగ్గర పాఠం వినడానికి పర్మిషన్ అడిగితే ముందు ఒప్పుకోలేదు. జేమ్స్ ఆవిడ పక్షాన నిలబడ్డాడు. డాక్టరేట్‌కి కావాల్సిన పనంతా చేసింది, 1895లో ప్రొఫెసర్లు పరీక్ష పెట్టి ఇంతకన్నా బాగా చేసినవాళ్ళు లేరన్నట్టు మెచ్చుకున్నారు, అయినా ఆడది కాబట్టి విశ్వవిద్యాలయం డిగ్రీ ఇవ్వలేదు. తర్వాత దాని అనుబంధ మహిళా కాలేజీ నుంచి ఇస్తామంటే ఆవిడే వద్దంది. చేసిన చోట ఇవ్వండి, లేకపోతే అక్కర్లేదు అని. 1905లో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్‌కి మొదటి మహిళా అధ్యక్షురాలైంది. ఆవిడ అలా వద్దనడం నాకు చాలా ఇష్టం.

ఫ్రాయిడ్ గురించి అడుగుతారని తెలుసు. ఆయనది డాక్టరు గదిలోంచి వచ్చిన వేరే దారి, దానికి ఒక సాయంత్రమంతా కావాలి. కలకత్తాలో గిరీంద్రశేఖర్ బోస్ 1922లోనే ఇండియన్ సైకోఎనలిటికల్ సొసైటీ పెట్టి, ఫ్రాయిడ్‌తో ఉత్తరాల్లో సమానంగా వాదించాడని మాత్రం చెప్పి వదిలేస్తాను.

ఇప్పుడు అమ్మానాన్నల వంతు. వుంట్‌కి మనుషుల మధ్య తేడాల మీద ఆసక్తి లేదు, అందరిలో ఒకేలా ఉండేదేమిటన్నదే ఆయన ప్రశ్న. తేడాలని కొలవడానికి పూనుకున్నవాడు ఇంగ్లండ్‌లో గాల్టన్. తెలివిగల కుటుంబాలు పెరగాలి, మిగతావాళ్ళు తగ్గాలి అనే ఆలోచనకి యూజెనిక్స్ అని పేరు పెట్టింది కూడా ఆయనే. ఆ ఆలోచన ఎంత దూరం పోయిందో తర్వాత చెప్తాను.

పారిస్‌లో ఆల్‌ఫ్రెడ్ బినే అనే ఆయనకి ఇద్దరు కూతుళ్ళు. ఇంట్లో వాళ్ళని గమనిస్తూ కూర్చునేవాడు. నడక నేర్చుకునేటప్పుడు ఒక పిల్ల ఒక్కో అడుగూ ఆచితూచి వేస్తే, ఇంకో పిల్ల పడుతూ లేస్తూ పరిగెత్తింది. పెద్దయ్యాక ఆలోచించే తీరులో కూడా అలాగే తేడాలు. ఒకే ఇల్లు, ఒకే తిండి. ఏది మేలు అని ఆయన తేల్చలేదు, తేడాని ఓపిగ్గా రాసుకున్నాడు. అందుకే కాబోలు, 1904లో ఫ్రాన్స్ ప్రభుత్వం బడిలో వెనకబడే పిల్లల సంగతి చూడమని కమిటీ వేసినప్పుడు, ఆయనకి అడగాల్సిన ప్రశ్న తెలిసింది. అప్పటిదాకా ఏ పిల్లవాడికి ప్రత్యేక సాయం కావాలో టీచర్ల ఇష్టం. అల్లరి చేసేవాడినీ మొద్దు అనేవాళ్ళు, నోరు విప్పని పిల్లనీ మొద్దు అనేవాళ్ళు. 1905లో బినే, సిమోన్ అనే డాక్టరు కలిసి ముప్ఫై చిన్న చిన్న పనుల పరీక్ష తయారుచేశారు. సాయం కావాల్సిన పిల్లల్ని గుర్తించడం, అంతే దాని ఉద్దేశం. తెలివి పుట్టుకతో ఇంతే, పెరగదు అనేవాళ్ళని 1909లో ఆయన తీవ్రంగా ఖండించాడు, అది క్రూరమైన నిరాశావాదం అన్నాడు. పిల్లల శ్రద్ధ, జ్ఞాపకం పెంచే కసరత్తులు కూడా తయారుచేశాడు. 1911లో చనిపోయాడు.

ఆ పరీక్ష అమెరికా వెళ్ళాక ఏమైందో చెప్తాను, ఇది వినడానికి బాధగా ఉంటుంది. గొడార్డ్ అనే ఆయన దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చి, ఎల్లిస్ ఐలండ్‌లో ఓడ దిగిన వలస జనానికి పెట్టించాడు. రోజుల తరబడి సముద్రం మీద అలసిపోయినవాళ్ళు, చాలామంది బడి మొహం చూడనివాళ్ళు, దుబాసీ ద్వారా అడిగిన ప్రశ్నలకి జవాబు చెప్పాలి. పెద్ద సంఖ్యలో వాళ్ళని మందబుద్ధులు అని రాసేశారు. టెర్మన్ 1916లో దాన్ని మార్చి ఐక్యూ అంకెని ఇంటింటి మాట చేశాడు. ఆ అంకెలు చూపించి కొన్ని రాష్ట్రాల్లో మనుషులకి బలవంతంగా పిల్లలు పుట్టని ఆపరేషన్లు చేశారు. 1927లో కారీ బక్ అనే అమ్మాయి కేసులో అమెరికా సుప్రీంకోర్టు అది సరైనదే అంది. ఆ అమ్మాయి కూతురు కూడా మందబుద్ధే అని కోర్టులో చెప్పారు, ఆ పాప ఊయల్లో ఉండగానే. ఆ పాప తర్వాత బడికి వెళ్ళి మంచి మార్కులవాళ్ళ జాబితాలోకి ఎక్కింది.

మన దేశంలో వి.వి. కామత్ బినే పరీక్షని మరాఠీలోకీ కన్నడంలోకీ మార్చాడు. ఉత్తినే మాటలు మార్చలేదు, అక్కడి పిల్లల మీద పెట్టి చూసి, ఏ వయసుకి ఏ ప్రశ్న సరిపోతుందో కొత్తగా లెక్క కట్టాడు. బినే కామత్ టెస్ట్ అని ఇప్పటికీ చాలా చోట్ల వాడతారు. ఈ ఊళ్ళో మన పిల్లల పరిస్థితి ఆలోచించండి. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలో ఇంగ్లీషు. ఆరేళ్ళ పిల్ల చదువులో వెనకబడుతోందని టెస్టుకి పంపుతారు, ఇంగ్లీషులో మాటలకి అర్థాలు అడుగుతారు, ఆ పిల్లకి అమ్మమ్మ దగ్గర విన్న తెలుగు మాటలు వందలు వచ్చు, అవి ఎవరూ అడగరు. రిపోర్టులో అంకె తక్కువ వస్తుంది. టెస్టు వద్దని నేను అనడం లేదు, సరిగ్గా చేస్తే దానివల్ల పరీక్షల్లో అదనపు టైము, ప్రత్యేక టీచరు, ఎన్నో సదుపాయాలు వస్తాయి. కానీ రిపోర్టు చేతికిచ్చినప్పుడు మొహమాటపడకుండా అడగండి. టెస్టు ఏ భాషలో పెట్టారు? ఈ అంకెల్ని ఎక్కడి పిల్లలతో పోల్చారు? మాటల భాగంలో ఎంత వచ్చింది, బొమ్మల భాగంలో ఎంత వచ్చింది? రెండింటికీ బాగా తేడా ఉంటే దానికి కారణం ఏమనుకుంటున్నారు? ఆ రోజు పిల్లకి జ్వరమో, నిద్రలేమో ఉంటే అది కూడా రాయించండి. మంచి సైకాలజిస్టు ఈ ప్రశ్నలకి విసుక్కోరు, ఎదురు కూర్చుని చెప్తారు.

నేను ఇక్కడితో ఆపుతాను. చేతులు చాలా లేస్తున్నాయి, మైకు ముందు వెనక వరుస పిల్లలకి ఇవ్వండి.